నీలి ఆకుల నెమలి బెగోనియాను ఇంట్లో పెంచడం ఎలా?

పట్టుచీరల షాపులో నెమలికంఠం రంగు అని చూపిస్తారు కదా, ఇటు నుంచి చూస్తే ఆకుపచ్చ, కాస్త వంచితే నీలం. అచ్చం అలాంటి ఆకులే బెగోనియా పావోనినావి. లాటిన్‌లో పావో అంటే నెమలే. సొంతూరు మలేషియా. అక్కడ కామెరాన్ హైలాండ్స్ లాంటి కొండ ప్రాంతాల వానల అడవుల్లో, పెద్ద చెట్ల కింద ఎండ పొడ సరిగ్గా పడని చోట పెరుగుతుంది.

పెంచే ముందు ఒక సంగతి తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. ఆ నీలం ఆకులో ఉన్న రంగు పదార్థం కాదు. ఆకు పైపొరలో ఇరిడోప్లాస్టులు అనే ప్రత్యేకమైన హరితరేణువులు ఉంటాయి. వాటి లోపలి పొరలు సమానమైన ఎడంతో దొంతర్లుగా పేర్చి ఉండటం వల్ల నీలి కాంతిని వెనక్కి కొట్టి, అడవి అడుగుదాకా దిగే ఆకుపచ్చ, ఎరుపు కాంతిని ఎక్కువగా పట్టుకుంటాయి. 2016లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ గుట్టు విప్పారు. మసక వెలుతురులో ఈ ఏర్పాటు వల్ల కిరణజన్య సంయోగక్రియ సామర్థ్యం 5 నుంచి 10 శాతం పెరుగుతుందట. ఇదంతా తెలియక నా మొదటి మొక్కను, పాపం వెలుతురు బాగా తగలాలని, తూర్పు కిటికీలో పెట్టాను. కొన్నాళ్లకి నీలం పోయింది, తర్వాత అంచులు మాడాయి, ఆ తర్వాత మొక్కే పోయింది.

కొనేటప్పుడు నర్సరీలో పెంచిందా, ల్యాబులో చిన్న ముక్క నుంచి పెంచే టిష్యూ కల్చర్‌దా అని అడగండి. అడవిలోంచి పీక్కొచ్చిన మొక్క అయితే ఎంత చవకైనా వద్దు.

దీనికి కుండీ కాదు, మూత ఉన్న గాజు పెట్టె కావాలి. పాత అక్వేరియం మీద గాజు పలక వేసినా చాలు. లోపల తేమ 80 శాతం పైనే ఉండాలి, మన ఇళ్లలో ఫ్యాన్ గాలికి అది ఎలాగూ నిలవదు. అడుగున గులకరాళ్లు, పైన నీళ్లు పట్టి ఉంచే ఎండు నాచు అయిన స్ఫాగ్నమ్ మాస్‌లో కొంచెం పెర్లైట్ (గాలి ఆడేలా వేసే తేలికపాటి తెల్ల పలుకులు) కలిపి వేయండి, తోటమట్టి జోలికి పోవద్దు. మాస్‌ని నానబెట్టి గట్టిగా పిండాకే వాడాలి. పిడికిట్లో నొక్కితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారితే వేర్లు కుళ్లినట్టే. నీళ్లంటారా, బోరు నీళ్ల ఉప్పు దీనికి పడదు, వాన నీళ్లో ఆర్వో నీళ్లో పోయండి, అదీ మాస్ ఆరుతున్నట్టు అనిపించినప్పుడే, ఆకుల మీద కాకుండా పక్క నుంచి.

వెలుతురుకి చిన్న ఎల్‌ఈడీ దీపం, కాస్త ఎత్తులో, రోజుకి పది గంటలు. పెట్టె పక్కన కూర్చుని పేపరు చదవగలిగితే ఆ మసక వెలుతురు చాలు.

అసలు టెన్షన్ వేడితోనే. 18 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏసీ గది లేకుండా దీన్ని బతికించడం నాకైతే చేతకాలేదు. అలాంటి వీలు లేకపోతే దీనికి డబ్బు పెట్టకండి, అస్సాం వైపు అడవుల నుంచి వచ్చిన రెక్స్ బెగోనియాతో మొదలుపెట్టండి, అది ఇంతకంటే మొండిది.

పెట్టెలోకి మార్చిన వారంలోపే ఆకులు నీరుగారి జారిపోతే కంగారు పడొద్దు. కుళ్లినవి తీసేయండి, కాండం గట్టిగా ఉంటే మళ్లీ చిగురిస్తుంది. మూత రోజూ తీసి చూసే అలవాటు మాత్రం మానుకోండి (నాకింకా పోలేదు).

నీలం కనిపించాలంటే గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చి మీ కంటి పక్కనే పెట్టుకుని ఆకు మీదికి వేయండి. టార్చి పక్కకి జరిపితే మళ్లీ మామూలు పచ్చాకే!

మొక్క కుదురుకున్నాక ముదురు ఆకు ఒకటి కోసి, ఈనె ఉండేలా అంగుళం ముక్కలు చేసి, తడి మాస్ మీద బోర్లించకుండా పరిచి, స్వీటు డబ్బాలో మూతపెట్టండి. వేర్లకి నెల పట్టొచ్చు, పిల్ల మొక్కలకి రెండు నెలలు. ఒక్కో పిల్లకి మూడాకులు వచ్చేదాకా వాటిని కదపొద్దు.