1600 ప్రాంతపు ఇంగ్లీషు పూర్వీకులను చర్చి రిజిస్టర్లలో, వీలునామాల్లో వెతకడం ఎలా?

అల్లుడో కోడలో ఇంగ్లీషు కుటుంబం నుంచి వచ్చిన తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పిల్లలు వంశవృక్షం గీయడం మొదలుపెడితే అమ్మవైపో నాన్నవైపో ఒక కొమ్మ ఇంగ్లండు పల్లెలోకి వెళ్తుంది. 1837 జూలై నుంచి అక్కడ ప్రభుత్వమే జనన, మరణ, వివాహాలను నమోదు చేస్తోంది కాబట్టి అంతవరకు సులువే. అంతకు ముందు రెండు రకాల కాగితాలే ప్రధాన దిక్కు: ఊరి చర్చి రిజిస్టరు, వీలునామా. ఎప్పుడు ఏం జరిగిందో రిజిస్టరు చెబుతుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో వీలునామా చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకోకపోతే కథలు పుట్టుకొస్తాయి.

ఎలా చదవాలో చూపించడానికి విలియం షేక్‌స్పియర్ కుటుంబాన్ని తీసుకుంటాను. వాళ్ల కాగితాలు మిగిలి ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు, పైగా చిక్కులన్నీ వాటిలోనే ఉన్నాయి.

ముందు ఊరు, తర్వాత డయోసిస్

తెలిసిన చివరి మనిషి నుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్లండి. పేరున్న పాతకాలపు మనిషిని పట్టుకుని ముందుకు రావడం మొదలుపెడితే దారి తప్పడం ఖాయం. 1851 జనాభా లెక్కల్లో పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరి పరిధి) పేరు రాశారు, అది మంచి మొదటి మెట్టు.

పారిష్ తెలిశాక అది అప్పట్లో ఏ బిషప్ కింద ఉండేదో చూడండి. జిల్లా (అక్కడి మాటలో కౌంటీ) వేరు, డయోసిస్, అంటే ఒక బిషప్ పరిధి, వేరు. షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్ వారిక్‌షైర్‌లో ఉంది, కానీ చర్చి పరంగా వుస్టర్ బిషప్ కిందికి వచ్చేది. షేక్‌స్పియర్ పెళ్లి నమోదు ఏ ఊరి రిజిస్టర్లోనూ దొరకలేదు. 1582 నవంబరులో పెళ్లి లైసెన్సు కోసం రాసిన పత్రాలు దొరికింది వుస్టర్‌లోనే. వాటిలోనూ ఒక చోట వధువు పేరు ఆన్ వాట్లీ అని, మర్నాటి పూచీకత్తు పత్రంలో ఆన్ హాథవే అని ఉంది. గుమాస్తా పొరపాటు కావచ్చని చాలామంది అభిప్రాయం.

రిజిస్టరు చదవడం

1538లో థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లో బాప్తిజాలు, పెళ్లిళ్లు, సమాధులు రాసిపెట్టాలని ఆజ్ఞ ఇచ్చాడు. చాలా చోట్ల విడి కాగితాల మీద రాశారు. 1598లో వాటిని తోలుపత్రాల పుస్తకంలోకి ఎక్కించమన్నారు. ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచి అనే మాట ఉండటంతో, చాలామంది పాదిరీలు అంతకు ముందువి వదిలేశారు. అందుకే స్ట్రాట్‌ఫర్డ్‌తో సహా ఎన్నో ఊళ్ల రిజిస్టర్లు 1558తో మొదలవుతాయి. అంటే మీరు చూసేది నకలు. నకలులో తప్పులుంటాయి.

ఆ కాలం నుంచే ఏటా ఒక ప్రతిని బిషప్‌కు పంపే పద్ధతి వచ్చింది. ఊరి పుస్తకం చెదలు తిన్నా, తడిసినా ఆ ప్రతి ఉండొచ్చు. ఈ రెండో ప్రతిని చూడకుండానే చాలామంది వెతుకులాట ఆపేస్తారు. 1642 నుంచి 1660 వరకు, అంతర్యుద్ధం, ఆ తర్వాతి ఏళ్లలో, ఖాళీలు ఎక్కువ.

ఫ్యామిలీసెర్చ్ సైటులో ఉచితంగా వెతకొచ్చు. అక్కడ దొరికే పేర్ల జాబితాతో ఆగకుండా అసలు పేజీ ఫోటో తెరవండి. అది ఆన్‌లైన్‌లో లేకపోతే ఆ కౌంటీ రికార్డ్ ఆఫీసుకు రాయండి. రాత చూస్తే మొదట టెన్షన్ పుడుతుంది. లాటిన్ మాత్రం పది మాటలు వస్తే చాలు: ఫిలియస్ కొడుకు, ఫిలియా కూతురు, ఉక్సోర్ భార్య, విడువా వితంతువు. పాత చేతిరాత నేర్పే ఉచిత పాఠాలు బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉన్నాయి. స్పెల్లింగును మాత్రం నమ్మకండి, ఒకే పేజీలో ఒకే ఇంటిపేరు రెండు రకాలుగా ఉంటుంది.

తేదీల తిరకాసు

1752కి ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. మన ఉగాది కూడా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి మనకు ఇది మింగుడుపడని సంగతేం కాదు. షేక్‌స్పియర్ కవల పిల్లలు హామ్‌నెట్, జ్యూడిత్‌ల బాప్తిజం మన లెక్కలో 1585 ఫిబ్రవరి 2. రిజిస్టరు లెక్కలో అది ఇంకా 1584. ఇలాంటి తేదీని 1584/85 అని రెండూ కలిపి రాసుకోండి. లేకపోతే ఏప్రిల్లో పెళ్లయి, అంతకు రెండు నెలల ముందే బిడ్డ పుట్టినట్టు లెక్క తేలుతుంది. రాసింది పుట్టిన రోజు కాదు, బాప్తిజం రోజు అని కూడా గుర్తుంచుకోండి.

ఒకే పేరు, ఇద్దరు మనుషులు

అసలు ప్రమాదం ఇక్కడుంది. బాప్తిజం నమోదులో చాలాసార్లు తండ్రి పేరు ఒక్కటే ఉంటుంది. షేక్‌స్పియర్ తండ్రి జాన్ చేతి తొడుగులు కుట్టేవాడు. అదే ఊళ్లో 1590 ప్రాంతంలో మరో జాన్ షేక్‌స్పియర్ ఉన్నాడు, చెప్పులు కుట్టేవాడు. ఉర్సులా, హంఫ్రీ, ఫిలిప్ ఈ రెండో జాన్ పిల్లలు. చూసుకోకుండా కలిపేస్తే విలియంకు లేని తోబుట్టువులు ముగ్గురు వచ్చిపడతారు.

కాబట్టి మీకు కావలసిన ఒక్క నమోదు దొరికిందని ఆగకండి. ఆ ఇంటిపేరు ఉన్న బాప్తిజాలు, పెళ్లిళ్లు, సమాధులన్నీ నలభై ఏళ్ల మేర, చుట్టుపక్కల ఊళ్లతో సహా, ఒక పట్టికలో ఎక్కించండి. సమాధులు తప్పకుండా చూడాలి. మీ పూర్వీకుడనుకున్న బిడ్డ పదకొండేళ్లకే పోయి ఉండొచ్చు. హామ్‌నెట్ అలాగే 1596 ఆగస్టులో పోయాడు.

వీలునామా ఏ కోర్టులో?

1858 వరకు వీలునామాలు ఆమోదించింది చర్చి కోర్టులే. చిన్న ఆస్తి అయితే ఆర్చిడీకన్ (బిషప్ కింది చర్చి అధికారి) కోర్టు లేదా బిషప్ కోర్టు, ఆ పత్రాలు ఎక్కువగా కౌంటీ రికార్డ్ ఆఫీసుల్లో ఉంటాయి. ఒకటికి మించి డయోసిస్‌లలో ఆస్తి ఉంటే ఉత్తరాన యార్క్, దక్షిణాన కాంటర్‌బరీ పెద్ద కోర్టు. 1653 నుంచి 1660 వరకు మాత్రం దేశమంతటికీ లండన్లో ఒకే కోర్టు. కాంటర్‌బరీ కోర్టు వీలునామాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘ప్రాబ్ 11’ అనే శ్రేణిలో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో పేరుతో వెతకొచ్చు. విదేశాల్లో, సముద్రం మీద పోయి ఇంగ్లండులో ఆస్తి ఉన్నవాళ్లవి కూడా ఇక్కడికే వచ్చేవి. ఈస్టిండియా కంపెనీ కొలువులో మచిలీపట్నం వైపు వచ్చినవాళ్ల కోసం వెతికేవాళ్లు ఇక్కడ ఒకసారి చూడాలి.

భర్త బతికి ఉన్న స్త్రీలు వీలునామా రాయడం అరుదు. వితంతువులు, పెళ్లికాని ఆడవాళ్లు రాసినవే మనకు బంగారం, వాటిలో బంధువుల పేర్లు వరసగా వస్తాయి.

చదివేటప్పుడు

మొదటి పేరాలోని దేవుడి మాటలు చాలావరకు రాసేవాడి అలవాటు, వాటి నుంచి మనిషి భక్తిని అంచనా వేయకండి. నేరుగా పంపకాల దగ్గరికి వెళ్లండి. షేక్‌స్పియర్ 1616 వీలునామాలో మనవరాలు ఎలిజబెత్ హాల్‌ను ‘నీస్’ అన్నాడు. రిజిస్టరు లేకపోతే ఆమెను అన్న కూతురో చెల్లెలి కూతురో అనుకునేవాళ్లం. అలాగే ‘కజిన్’ అంటే ఏ బంధువైనా కావచ్చు, ‘సన్ ఇన్ లా’ అంటే సవతి కొడుకూ కావచ్చు. షేక్‌స్పియర్ వీలునామాలోనే ఇంకో చోట చెల్లెలి కొడుకులు ముగ్గురికీ డబ్బు రాస్తూ, ఒకడి పేరు దగ్గర ఖాళీ వదిలేశాడు.

పేర్లూ మారతాయి. షేక్‌స్పియర్ భార్య ఆన్ తండ్రి రిచర్డ్ హాథవే 1581 వీలునామాలో పెళ్లి రోజున ఇవ్వమని పది మార్కులు, అంటే 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు, రాసింది ‘ఆగ్నెస్’ అనే కూతురికి. అప్పట్లో ఆగ్నెస్, ఆన్ ఒకటిగానే వాడేవారు. ఇక పెద్ద కొడుకు పేరు కనబడకపోతే తండ్రికి కోపమని తేల్చేయకండి, భూమి అతనికి ముందే ముట్టి ఉండొచ్చు.

పూర్వీకుడి వీలునామా దొరకకపోతే అన్నదమ్ములవి, మేనమామవి, సాక్షి సంతకం పెట్టిన పొరుగువాడివి చదవండి. డెవన్ ప్రాంతం వాళ్లకు ఈ పని తప్పదు. 1942 మేలో జర్మన్ బాంబులకు ఎక్సెటర్‌లో ఆ కౌంటీ వీలునామాలు పెద్ద ఎత్తున కాలిపోయాయి. అక్కడి కుటుంబమైతే కాంటర్‌బరీ కోర్టు జాబితాతో మొదలుపెట్టి, ఆ తర్వాత జమీందారీ (మేనర్) కోర్టు కాగితాల చుట్టలు చూడండి. కౌలుదారు పోతే భూమి ఎవరికి దక్కిందో వాటిలో రాసేవారు.