డేటాబేస్ కోడ్ సమీక్ష, 6వ పాఠం: చెడిన బైట్లకు వరుసలో చోటు

పోయిన పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. యూటీఎఫ్-8 (ఒక్కో యూనికోడ్ అక్షరాన్ని ఒకటి నుంచి నాలుగు బైట్లలో రాసే పద్ధతి) స్ట్రింగులో ఒక చోట నిలబడి, అక్కడ మొదలయ్యే అక్షరం ఎన్ని బైట్లో చెప్పే ఫంక్షను రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే అచ్చులో ఉన్నాయి. మొదటి బైటు 224 నుంచి 239 లోపు ఉంటే ‘మూడు’ అని చెప్పి ముందుకు వెళ్లిపోయాయి. అందుకే ఈ వారం మొదలు పెట్టాలనుకున్న సార్ట్ కీలను (వరుసలో పేర్చడానికి స్ట్రింగు నుంచి తయారు చేసే బైట్లను) వెనక్కి జరిపాను. ఆ ‘మూడు’ గట్టిగా నిలబడకపోతే దాని మీద కట్టేదేదీ నిలవదు.

ఎప్పటిలాగే బైట్ల విలువలను దశాంశంలోనే రాస్తున్నాను. హెక్స్ అలవాటైనవారు మార్చుకుని చదవండి. కాగితం మీద 128, 191 అనే హద్దులు కనిపిస్తుంటేనే నాకు తప్పు త్వరగా దొరుకుతుంది.

ఒక చిరునామాల పట్టికలో ఊరి పేరుకు 20 బైట్లు కేటాయించారనుకోండి. ‘హైదరాబాద్’లో గుణింతపు గుర్తులు, చివరి పొల్లు కలిపి తొమ్మిది కోడ్‌పాయింట్లు ఉన్నాయి. కోడ్‌పాయింట్ అంటే యూనికోడ్ ఒక్కో అక్షరానికి, గుర్తుకు ఇచ్చిన సంఖ్య. తెలుగులో ఒక్కో కోడ్‌పాయింటుకు మూడు బైట్లు కాబట్టి మొత్తం 27. ఇరవై దగ్గర కత్తిరిస్తే ‘హైదరాబ’ వరకు పూర్తిగా మిగులుతుంది. దాని వెనక 224, 176 అనే రెండు బైట్లు మూడోది లేకుండా వేలాడుతుంటాయి. ఎవరో దాని పక్కన కామా పెట్టి రాష్ట్రం పేరు చేర్చారు. కామా విలువ 44.

హైదరాబ | 224 176 | 44 | తెలంగాణ

మీ ఫంక్షను 224ను చూసి మూడు బైట్లు దూకుతుంది. కామా మాయమవుతుంది. రెండు గడులుగా విడిపోవలసిన వాక్యం ఒకే గడిగా మిగులుతుంది. స్ట్రింగు 176 దగ్గరే ముగిసి ఉంటే పరిస్థితి ఇంకా ప్రమాదకరం. మూడో బైటు కోసం మీరు చదివేది మీది కాని మెమరీ. అది ఒకసారి ఒక విలువ ఇస్తుంది, మరోసారి మరొకటి ఇస్తుంది. అవే రెండు వరుసలు పొద్దున ఒక క్రమంలో, సాయంత్రం ఇంకో క్రమంలో కనిపిస్తాయి.

కాబట్టి తల బైటు (అక్షరంలో మొదటిది) చెప్పే సంఖ్యను నమ్మే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. స్ట్రింగులో ఇంకా అన్ని బైట్లు ఉన్నాయా? ఉన్నవి నిజంగా తోక బైట్లేనా (తల తర్వాత రావలసినవి), అంటే 128 నుంచి 191 లోపేనా? తల 224 అయితే రెండో బైటు హద్దు ఇంకా ఇరుకు, 160 నుంచి 191. ఈ 160 ఎక్కడిదని చాలామంది అడిగారు. 224 తర్వాత 128 నుంచి 159 లోపు బైటు వస్తే, తక్కువ బైట్లలో పట్టే కోడ్‌పాయింటును మూడు బైట్లకు సాగదీసి రాసినట్టు. 2003లో వచ్చిన యూటీఎఫ్-8 ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3629 దాన్ని ఒప్పుకోదు. 237, 240, 244 తలలకు కూడా ఇలాంటి ప్రత్యేక హద్దులున్నాయి. అవి అదే పత్రంలో ఉన్నాయి, చూసి రాసుకోండి.

పాత చైనీస్, జపనీస్ ఎన్‌కోడింగుల్లో ఈ దూకుడు ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది. యూటీఎఫ్-8లో తోక బైటు ఎప్పుడూ 128కి తక్కువ ఉండదు. చైనీస్ ఎన్‌కోడింగు జీబీకేలో తోక 64 నుంచి 126 వరకు కూడా ఉండవచ్చు. జపనీస్ ఎన్‌కోడింగు షిఫ్ట్-జిస్‌లో ‘సో’ అనే కటకానా అక్షరం బైట్లు 131, 92. ఆ 92 ఒంటరిగా కనిపిస్తే బ్యాక్‌స్లాష్. జీబీకే అని తెలియని కోడ్ 191, 39 అనే రెండు బైట్లను చూసి, 39 కొటేషన్ గుర్తు కదా అని దాని ముందు కాపలాగా (ఇది మామూలు అక్షరమేనని డేటాబేస్‌కు చెప్పడానికి) 92 పెడుతుంది. ఇప్పుడు వరుస 191, 92, 39. జీబీకేలో 191, 92 కలిస్తే ఒక చక్కని అక్షరం. కొటేషన్ గుర్తు కాపలా లేకుండా బయటపడింది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు (బయటివారు తమ ఆదేశాన్ని క్వెరీలోకి చొప్పించడానికి) ఇది పాత దారి.

ఇంకొక ప్రశ్న కూడా వచ్చింది. ‘ళ’ వచ్చి ‘వ’కు ముందు కూర్చుంటోంది, ఇది చెడిన బైట్ల వల్లనేనా అని. కాదు. యూనికోడ్‌లో ళ సంఖ్య 3123, వ సంఖ్య 3125. కోడ్‌పాయింట్ల క్రమంలో పేరిస్తే అలాగే వస్తుంది. మన వర్ణమాల క్రమం కావాలంటే కొలేషన్ వాడాలి, అంటే ప్రతి అక్షరానికీ భాష క్రమాన్ని బట్టి ఒక బరువు (సంఖ్య) ఇచ్చి, ఆ బరువులను పోల్చే పద్ధతి.

ఇక అసలు పాఠం. చెడిన బైటును గుర్తుపట్టారు. దాన్ని వరుసలో ఎక్కడ నిలబెడతారు?

పోల్చే ఫంక్షను చెడిన బైటు కనబడగానే సున్నా (అంటే ‘సమానం’) తిప్పి పంపడం తప్పని మీకు వేరే చెప్పనవసరం లేదు. నన్ను బాధపెట్టేది దాని కంటే మర్యాదగా కనిపించే ఇంకొక తప్పు. ‘రెండు స్ట్రింగుల్లో ఏది చెడినా సరే, బరువులు పక్కన పెట్టి, రెండింటినీ ముడి బైట్లుగా మెమ్‌కంప్‌తో పోల్చేద్దాం’ అనే రెండు పంక్తులు. మెమ్‌కంప్ అంటే బైట్లను విలువను బట్టి ఒక్కొక్కటిగా పోల్చే సీ భాష ఫంక్షను. సమీక్షకు వచ్చిన ప్యాచుల్లో (కోడ్ మార్పుల్లో) దీన్ని ఎన్నిసార్లు చూశానో. రాసినవారు జాగ్రత్త కోసమే రాస్తారు, చదివినవారు జాగ్రత్తగానే ఉందనుకుని సరేనంటారు. ఇది ఎందుకు కూలుతుందో ఒక్క ఊరిపేరుతో చివరి దాకా చూపిస్తాను. దయచేసి కలం తీసుకుని నాతో పాటు రాయండి.

కొన్నేళ్ల క్రితం హైదరాబాద్‌లోనే ఒక సరకుల పంపిణీ సంస్థ పట్టికను చూడమని నన్ను పిలిచారు. ప్రాంతం పేరు మీద యూనిక్ ఇండెక్స్ ఉంది, అంటే ఒకే పేరును రెండోసారి చేరనివ్వకూడదు. అయినా జాబితాలో అమీర్‌పేట రెండుసార్లు ఉంది. బిల్లింగ్‌లో కూర్చునే అమ్మాయి నాకు తెర మీద చూపించి, ‘ఒకటి ఎంచుకుంటే కొన్ని దుకాణాలే వస్తున్నాయి సార్, మిగతావి రెండోదాంట్లో ఉంటున్నాయి’ అన్నారు. ఆ రెండింటి మధ్య, చివర చిన్న నల్లటి ప్రశ్నార్థకంతో ‘అమీర్’ అని ఒక తెగిన వరుస ఉంది. అందరూ దాన్ని పట్టించుకోకుండా వదిలేశారు. మొత్తం కథ ఆ వరుసలోనే ఉంది.

అమీర్‌పేటను రెండు రకాలుగా టైపు చేస్తారు. పొల్లు తర్వాత కంటికి కనిపించని నాన్‌జాయినర్ పెడితే అమీర్‌పేట. పెట్టకపోతే వత్తు కలిసిపోయి అమీర్పేట. నాన్‌జాయినర్ బైట్లు 226, 128, 140. యూనికోడ్ కొలేషన్ దానికి బరువే ఇవ్వదు, కాబట్టి ఈ రెండు రాతలూ సమానం. అది సరైన పని, వాడేవారికి కావలసింది కూడా అదే. ఇప్పుడు మూడోది. పాత ప్రోగ్రాము ఒకటి పేరును 16 బైట్ల దగ్గర కత్తిరించి పంపేది. ‘అమీర్’కు 15 బైట్లు. పదహారో బైటు నాన్‌జాయినర్ తల, 226. అక్కడ తెగింది.

కలిపి రాసినది: అమీర్ | 224 176 170 …
తెగినది: అమీర్ | 226
విడదీసి రాసినది: అమీర్ | 226 128 140 | 224 176 170 …

పోల్చి చూడండి. కలిపినది, తెగినది పోల్చితే ఒకటి చెడింది కాబట్టి ముడి బైట్లు. 224 కంటే 226 పెద్దది, కలిపినది ముందు. తెగినది, విడదీసినది పోల్చితే మళ్లీ ముడి బైట్లే. 226 వరకు రెండూ ఒకటే, తెగినది అక్కడ అయిపోయింది కాబట్టి అది ముందు. కలిపినది, విడదీసినది పోల్చితే రెండూ మంచివే కాబట్టి బరువులు. సమానం. అంటే మొదటిది రెండోదానికంటే చిన్నది, రెండోది మూడోదానికంటే చిన్నది, కానీ మొదటిదీ మూడోదీ ఒకటే. ఇలాంటి వరుస ప్రపంచంలో ఎక్కడా ఉండదు.

ఇండెక్స్‌లో ఇది ఎలా పగులుతుందో చూడండి. ముందు కలిపినది చేరింది. తర్వాత తెగినది దాని కుడివైపున చేరింది. ఇప్పుడు విడదీసినది వచ్చి, నాలాంటిది లోపల ఉందా అని వెతుకుతుంది. వెతుకులాట తెగినదాని దగ్గర మొదలైతే, తాను దానికంటే పెద్దది కాబట్టి కుడికి వెళుతుంది. ఎడమవైపు ఉన్న కలిపినదాన్ని తాకనే తాకదు. ‘లేదు’ అన్న జవాబుతో కుడివైపున చేరిపోతుంది. యూనిక్ ఇండెక్స్‌లో ఒకే పేరు రెండుసార్లు. తెగినది అన్నిటికంటే చివర చేరి ఉంటే తప్పు బయటపడేది కాదు. అందుకే పరీక్షలన్నీ నెగ్గిన కోడ్ నిజమైన పట్టికలో విఫలమవుతుంది.

దీనికి మందు ఒకటే. స్ట్రింగు మొత్తానికి ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారకూడదు. మంచి అక్షరం ఒక యూనిట్, దానికి దాని బరువు. చెడిన ప్రతి బైటూ ఒక యూనిట్, దానికి ఏ మంచి అక్షరానికీ లేనంత పెద్ద బరువు, దానికి ఆ బైటు విలువ కూడిక. అప్పుడు తెగినదానిలో ఆరో యూనిట్ 226 అనే చెడిన బైటు. అది ‘ప’ కంటే బరువైనది, కాబట్టి తెగినది మిగతా రెండింటికీ తర్వాతే వస్తుంది. ఆ రెండూ సమానంగా పక్కపక్కనే ఉంటాయి. మరియాడీబీ అనే డేటాబేస్ జీబీకే, బిగ్-5 (ఇంకో చైనీస్ ఎన్‌కోడింగు), షిఫ్ట్-జిస్ కొలేషన్లలో చెడిన బైట్లను ఇలాగే మంచి అక్షరాలన్నిటి తర్వాత నిలబెడుతుంది.

చెడినవాటన్నిటినీ 65533 అనే ప్రత్యామ్నాయ అక్షరంగా భావించవచ్చు కదా అంటే, యూనికోడ్ కొలేషన్ ప్రమాణం దాన్ని అనుమతిస్తుంది. క్రమం కూడా చెడదు. కానీ వేర్వేరు చోట్ల తెగిన రెండు పేర్లు సమానమైపోయి, యూనిక్ ఇండెక్స్ రెండోదాన్ని తోసేస్తుంది. తెర మీద చూపించడానికి సరే, ఇండెక్స్‌లో నేను ఒప్పుకోను.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ చెడిన బైట్లను గుమ్మంలోనే ఆపుతుంది, మనకు ఈ బాధ ఎందుకని అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో ఆ ప్రాజెక్టు సరిచేసిన సీవీఈ-2025-1094 అనే భద్రతా లోపం సరిగ్గా ఇలాంటిదే. కొటేషన్లకు కాపలా పెట్టే దాని క్లయింటు ఫంక్షన్లు చెడిన బైట్లను సరిగా చూడలేదు. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ అయితే ఏ బైట్లు ఇచ్చినా టెక్స్ట్‌గా దాచుకుంటుంది.

సమీక్షకు కూర్చున్నప్పుడు నేను ముందు పోల్చే ఫంక్షను తెరవను. యూనిట్‌ను కొలిచే ఫంక్షను ఎక్కడుందో వెతుకుతాను. పోల్చేది, సార్ట్ కీ తయారు చేసేది, హ్యాష్ చేసేది, లైక్ (నమూనాతో వెతికే ఆదేశం) చూసేది, నాలుగూ దాన్నే పిలవాలి. ఏ ఒక్కటైనా సొంతంగా బైట్లు లెక్కపెట్టుకుంటే ప్యాచును అక్కడే ఆపి వెనక్కి పంపుతాను, మిగతాది చదవను.

అభ్యాసం. 32, 92, 128, 140, 170, 176, 224, 226 అనే ఎనిమిది బైట్లతో సున్నా నుంచి మూడు బైట్ల పొడవు వరకు కుదిరే స్ట్రింగులన్నీ తయారు చేయండి. ఖాళీ స్ట్రింగుతో కలిపి 585 వస్తాయి. ఖాళీదాన్ని వదలకండి, పైన చెప్పిన తప్పు దానితోనే అతి చిన్న రూపంలో దొరుకుతుంది. ప్రతి స్ట్రింగునూ సరిగ్గా దాని పొడవున్న మెమరీలోనే ఉంచి, హద్దు దాటి చదివితే పట్టుకునే అడ్రెస్ శానిటైజర్‌తో నడపండి. ప్రతి జతకూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోల్చి ఫలితం గుర్తు (ప్లస్, మైనస్) తిరగబడుతోందో లేదో చూడండి. మూడేసి స్ట్రింగుల కూటములు సుమారు 20 కోట్లు, అన్నిటికీ క్రమం నిలుస్తోందో లేదో చూడండి. స్ట్రింగు చివర వచ్చే ఖాళీ గుర్తులను (32) ఈసారికి మామూలు అక్షరాలుగానే లెక్కించండి. ముందు మెమ్‌కంప్ పద్ధతిలో రాసి, విఫలమైన మొదటి కూటమిని కాగితం మీద విడదీసి, ఆ తర్వాతే సరిచేయండి. నాకు పంపేటప్పుడు సరిచేసిన కోడ్‌తో పాటు ఆ కాగితం ఫోటో కూడా ఉండాలి.