అభిరుచి బృందంలో బ్యాడ్జీ ఎప్పుడు ఇవ్వాలి

విశాఖపట్నంలో లక్క బొమ్మల తయారీని అభిరుచిగా నేర్చుకునే బృందాన్ని నడిపేవారు బ్యాడ్జీని హాజరుకు కాక, పూర్తి చేసిన పనికే ఇవ్వాలని నా దృఢమైన అభిప్రాయం. అయితే ‘పూర్తి’ అంటే ఏమిటో పని మొదలుపెట్టకముందే రాసి అందరికీ తెలియజేయాలి.

తొలి బ్యాడ్జీకి బొంగరం చాలు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మల పద్ధతిలోనే, లేత్ (కర్రను తిప్పే యంత్రం) మీద తిరిగే అంకుడు కర్రకు ఉలితో ఆకారం తెచ్చి, రంగు లక్కను దానికి ఒత్తితే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. ఆపై మొగలి ఆకుతో నునుపు చేయాలి. రంగు పెచ్చులుగా లేవకుండా, బొంగరం ఊగిసలాడకుండా తిరిగితే పని పూర్తయినట్టే. అందం గురించి తీర్పు చెప్పకండి. కొత్తవారిని భయపెట్టేది అదే.

గడువు పెట్టవద్దు. ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేసేవారికి, పిల్లల పరీక్షలతో సతమతమయ్యే తల్లిదండ్రులకు నెలల తరబడి విరామం రావచ్చు. పని మధ్యలో కర్ర పగిలితే బ్యాడ్జీ ఇవ్వకూడదు గాని, కొత్త కర్రను వెంటనే అందించాలి. ఉలి పట్టడం ఇతరులకు నేర్పినవారి శ్రమ వేరు కాబట్టి, దానికి వేరే రంగు బ్యాడ్జీని కేటాయించండి.