బట్టలు కుట్టిన బాపు జీవితాన్ని రాసిపెట్టడం ఎట్లా

ఇంట్లో పెద్దాయన పోయిన తరువాత సంవత్సరీకం నాటికి ఆయన గురించి ఒక చిన్న పుస్తకం వేయాలని అనుకునేవారు ఇప్పుడు మన వరంగల్ వైపు చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తున్నారు. పోయినవారు ఉపాధ్యాయుడో, వైద్యుడో, నాయకుడో అయితే సన్మాన పత్రాలు, ఉత్తర్వులు, సభల ఫొటోలు ఉంటాయి కనుక రాయడం అంత కష్టం కాదు. నలభై, యాభై ఏండ్లు ఒకే మడిగెలో కూర్చొని బట్టలు కుట్టినవాడికీ, సైకిళ్లు బాగుచేసినవాడికీ, కొలిమి నడిపినవాడికీ అవేవీ ఉండవు. అందుకే అటువంటివారి పుస్తకాల్లో కష్టజీవి, స్నేహశీలి, పరోపకారి అనే మూడు మాటలే అటూ ఇటూ తిరుగుతుంటాయి. పరకాలలో టైలరుగా బతికిన మా బాపు, అంటే మా నాన్న గురించి నేను రాసిన మొదటి ప్రతి కూడా అట్లాగే ఉండింది. మా అక్క అది చదివి, "పేరు మారిస్తే ఇది ఎవలకైనా పనికొస్తది గదరా" అన్నది. ఆ ప్రతిని చించేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడు తెలుసుకున్న పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చేయవలసిన పని కలం పట్టడం కాదు, మడిగె ఖాళీ చేయకుండా ఆపడం. దినాలు ముగిసిన వారానికే మడిగె యజమాని తాళం అడుగుతాడు, ఇంట్లోవాళ్లు పాత సామానువాడిని పిలుస్తారు. అంతకుముందే ప్రతి వస్తువునూ ఉన్నచోట ఉన్నట్టుగా ఫొటో తీయాలి. మిషను, కత్తెర, బొగ్గుల ఇస్త్రీపెట్టె, గోడకు గుచ్చిన పెళ్లి పత్రికలు, క్యాలెండర్ వెనుక రాసిన ఫోన్ నంబర్లు, ఇవన్నీ అందులో రావాలి. మా మిషను కాలిపలక కుడివైపు ఎడమవైపు కన్నా ఎక్కువ అరిగి ఉంది. బాపుకు ఎడమ మోకాలు నొప్పి అని మాకు చివరి రెండేండ్లలోనే తెలిసింది గానీ, ఆ పలకకు అంతకు చాలా ముందే తెలుసు. మిషను మీద ఉన్న నంబరును కూడా రాసుకోవాలి, ఎందుకంటే సింగర్ వంటి పాత మిషన్ల నంబరును బట్టి అవి తయారైన ఏడాదిని తెలుసుకోవచ్చు.

టైలరు జీవితానికి అసలైన ఆధారం కొలతల పుస్తకం. దానిని చదవడం మొదట్లో కష్టంగా ఉంటుంది, ఎందుకంటే పొడుగు, భుజం, చేయి, ఛాతి, నడుము, కాలర్ అనే వరుస ఆయన మనసులోనే ఉంటుంది, కాగితం మీద అంకెలు మాత్రమే ఉంటాయి. ఆయన దగ్గర పని నేర్చుకున్న శిష్యుడిని ఒక పూట కూర్చోబెట్టుకొని ఆ వరుసను చెప్పించుకోవాలి. ఒకసారి అది తెలిశాక ఊరంతా ఆ పుస్తకంలో కదులుతుంది. ప్యాంటు బాటం కొలతను మాత్రమే పట్టుకొని పాత పుస్తకం నుంచి కొత్త పుస్తకానికి వస్తే, బెల్‌బాటం రోజుల్లో 24 అంగుళాల దాకా పెరిగి తరువాత 16కు దిగిన ఫ్యాషన్ అంతా కనిపిస్తుంది. ఒకే పిల్లవాడి పేరు ఏటా జూన్‌లో బడి బట్టలకు వస్తుంది, ఏటా రెండంగుళాలు పెరుగుతాడు, ఆ తరువాత ఒకనాడు అదే పేరు పక్కన 'పెళ్లి సూటు' అని ఉంటుంది. మా పుస్తకంలో కొన్ని పిల్లల కొలతల పక్కన 'మడత 3' అని రాసి ఉంది. దాని అర్థం శిష్యుడు చెప్పాడు: వచ్చే ఏడాది మళ్లీ గుడ్డ కొనలేని ఇంటి పిల్లవాడైతే లోపల మూడు అంగుళాలు మడిచి కుట్టి, తరువాతి జూన్‌లో పైసలు తీసుకోకుండా ఆ మడతను విప్పి ఇచ్చేవాడట. పరోపకారి అనే మాటను నేను కొట్టేసి ఈ సంగతి రాశాను.

రెండో ఆధారం ఉద్దెర పుస్తకం. ఎవరు ఎంత బాకీ ఉన్నారన్నది అందులో చూడవలసిన విషయం కాదు. బాకీ తీరినప్పుడు ఒక గీతతో కొట్టేసి, పక్కన పైసలు ముట్టిన తేదీ వేయడం చాలామంది దుకాణదారుల అలవాటు. తేదీ లేకుండా కొట్టేసిన గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకాలి. అక్కడ పైసలు రాలేదు, ఆయనే వదులుకున్నాడు. ఎందుకు వదులుకున్నాడో ఇంట్లో అడిగితే ఒక్కొక్క గీత వెనుక ఒక్కొక్క కథ బయటపడుతుంది: పత్తికి పురుగు పట్టిన ఏడాది, ఇంటి మనిషి దవాఖానాలో పడ్డ నెల, ఆడపిల్ల పెళ్లి. ఈ పుస్తకం విషయంలో ఒక నియమం తప్పక పాటించాలి. బాకీదారుల పేర్లను గానీ, ఆడవాళ్ల కొలతలను గానీ అచ్చులో వేయకూడదు, ఆ పేజీల ఫొటోలూ వేయకూడదు. వాళ్ల పిల్లలు ఇంకా అదే బజారులో తిరుగుతున్నారు.

ఇక తేదీల సంగతి. ఆధార్ కార్డులో ఉన్న పుట్టిన తేదీని నమ్మకండి. మన పెద్దవాళ్లలో చాలామంది జనవరి 1నే పుట్టినట్టు ఉంటుంది, మా బాపుది కూడా 1950 జనవరి 1. అయితే పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద కాల్పులు జరిగిన 1947 సెప్టెంబర్ 2 నాటికి ఆయన తన కడుపులో ఉన్నాడని మా నాయనమ్మ చెప్పేది, పోలీసు చర్య నాటికి అంటే 1948 సెప్టెంబరులో పాకుతున్నాడని కూడా చెప్పేది. ఈ రెండు మాటలను కలిపితే ఆయన 1947 చివరికీ 1948 ఎండాకాలానికీ మధ్య పుట్టాడని తేలుతుంది. పెద్దవాళ్ల జ్ఞాపకాలను ఇట్లా ఊరికి తెలిసిన సంఘటనల మధ్య బిగించాలి. 1969లో తెలంగాణ ఉద్యమం వల్ల బడులు మూతపడ్డ ఏడాది, నయా పైసలు వచ్చిన 1957, వరంగల్‌లోని ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడ్డ 2002, ఇవన్నీ అందుకు పనికివస్తాయి. "మేడారం జాతర అయిన ఏడు" అని ఎవరైనా అంటే, ఆ జాతర రెండేండ్లకొకసారి జరుగుతుంది గనుక అది సరి సంవత్సరమై ఉంటుంది, కనుక వెతకవలసిన ఏండ్లు సగానికి తగ్గుతాయి. తాతల నాటి కాగితాల మీద ఫసలీ సంవత్సరం, అంటే నిజాం సర్కారు వాడిన లెక్క ఉంటే దానికి 590 కలపాలి, కాగితం జనవరి మొదలైన తరువాతిదైతే 591 కలపాలి.

చిరునామా కూడా ఇటువంటి చిక్కే. బాపు మడిగె ఒక్క గజం జరగలేదు గానీ, ఆయన పుట్టినప్పుడు అది హైదరాబాద్ రాజ్యంలో ఉంది, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, 2014 నుంచి తెలంగాణలో ఉంది. జిల్లా పేరు మొదట కరీంనగర్, తరువాత వరంగల్, 2016లో వరంగల్ రూరల్, 2021లో హన్మకొండ అయింది. ఏ సంఘటనను రాస్తే ఆనాటి పేరునే వాడండి, లేకపోతే చదివేవారికి లెక్క తప్పుతుంది.

మనుషులను అడిగేటప్పుడు పెద్ద ప్రశ్నలు వేయకూడదు. "బాపు ఎట్లాంటి మనిషి" అని అడిగితే "దేవుడసొంటోడు" అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. అమ్మను నేను "రోజుకు ఎన్ని కాజాలు కుట్టేదానివే" అని అడిగాను. ఆమె వేళ్లు చూపించింది, తరువాత గంటసేపు మాట్లాడింది. దుకాణం బోర్డు మీద ఒక్క పేరే ఉన్నా, పగలంతా పొలం పనికి పోయివచ్చి రాత్రి బుడ్డిదీపం ముందు కాజాలు తీసి గుండీలు కుట్టింది అమ్మ, మేము నిద్రపోయేదాకా దారం తెంపింది అక్క. చేతివృత్తివాడి జీవితాన్ని రాస్తూ ఇంటి ఆడవాళ్ల పనిని 'సహకారం' అన్న ఒక్క మాటలో ముగించడం నాకు నచ్చదు. ఆ పనికి కూలి కడితే ఎంతయ్యేదో కూడా రాశాను, బాపు ఉంటే కాదనడు. పాత ధరలను మాత్రం ఇప్పటి రూపాయల్లోకి మార్చకుండా, ఒక చొక్కా కుట్టిన కూలితో ఆనాడు ఎన్ని సేర్ల బియ్యం వచ్చేవో అడిగి అదే రాయండి.

ఊరికి చేసిన మేలును కూడా పనిగానే రాయాలి. గుడి ఉత్సవానికి తోరణాలు కుట్టాడు, బడి నాటకానికి వేషాలు కుట్టాడు, ఎన్నికలప్పుడు అన్ని పార్టీల జెండాలూ కుట్టాడు అని రాసి ఊరుకోకుండా, ఎన్ని రాత్రులు పట్టింది, గుడ్డ ఎవరిచ్చారు, పైసలు ఎవరెగ్గొట్టారు అన్నది కూడా చెప్పాలి. ఎగ్గొట్టిన పార్టీ పేరు అవసరం లేదు. ఎవరో ఒకరు తప్పక ఎగ్గొట్టారన్నది ప్రతి టైలరుకూ తెలుసు.

తప్పులను దాచకండి. మా బాపు "రేపు పొద్దుగాల్ల రా పటేలా" అన్నాడంటే అది ఎల్లుండి సాయంత్రం అని పరకాలలో అందరికీ తెలుసు. దసరాకు ముందు పదిహేను రోజులు ఆయన నిద్రపోయేవాడు కాదు, అయినా అందరి బట్టలూ అయ్యాక చివరన మా బట్టలు పట్టుకునేవాడు. ఒక ఏడాది జమ్మి ఆకు పంచుకునే వేళకు నా చొక్కాకు ఇంకా గుండీలు కుట్టలేదు. పిన్నీసులు పెట్టుకొనే పెద్దల కాళ్లు మొక్కాను. ఆ కోపం నాకు చాలా ఏండ్లు ఉండింది. పుస్తకంలో ఈ ముక్కను తీసేయమని మా కాక అన్నాడు, అమ్మ మాత్రం ఉంచమంది, ఉంచాను.

రాసే వరుస విషయంలో పుట్టుకతో మొదలుపెట్టడం కన్నా మడిగె తలుపు తీసే వేళతో మొదలుపెట్టడం మేలు. ఒక మామూలు రోజును ముందు రాసి, తరువాత బాల్యంలోకి, పని నేర్చుకున్న రోజుల్లోకి పోవచ్చు. నలభై పేజీలు దాటనీయవద్దు, అక్షరాలు పెద్దవిగా ఉండాలి, ఎందుకంటే చదివేవారిలో ఎక్కువమంది ఆయన వయసువారే. అచ్చుకు ఇచ్చేముందు శిష్యుడితో ఒకసారి, వృత్తితో సంబంధం లేని పిల్లలతో ఒకసారి చదివించాలి. మొదటివాడు పనిలో తప్పులు పడతాడు, రెండోవారు అర్థం కాని మాటలను చూపిస్తారు. చివర రెండు మూడు తెల్ల పేజీలు వదిలి, సంవత్సరీకం నాడు భోజనాల దగ్గర ఒక ప్రతిని పెన్నుతో సహా పెట్టండి. మా ఇంట్లో పెట్టిన ప్రతిలో మొదట రాసింది బజారులోని పాత గిరాకీ ఒకాయన. తన పెళ్లి ప్యాంటు నడుము కొలతను, పక్కనే ఇప్పటి కొలతను రాసి, కింద బాకీ 12 రూపాయలు అని సంతకం పెట్టి, ఆ పైసలను పేజీ మధ్యలో పెట్టి పోయాడు.