పాత ఫ్లాటు అమ్మకం మీద హాస్య నాటిక రాయడం ఎలా?

వయసు మళ్లిన దంపతులు ఉంటున్న ఫ్లాటును అమ్మకానికి పెట్టారు. నాటికకు ఇది మంచి సరుకు. ఒకే హాలు, ఒకే సెట్టు సరిపోతాయి. కాలింగ్ బెల్ మోగిన ప్రతిసారీ కొత్త మనిషి లోపలికి వస్తాడు. దీని బలహీనత కూడా అక్కడే ఉంది. వచ్చినవాళ్లు నవ్వించి వెళ్లిపోతారు, అరగంట గడిచినా కథ మాత్రం బయల్దేరిన చోటే ఉంటుంది. 45 నిమిషాల నాటికలో ఆ చిక్కు రాకుండా చూసుకోవాలంటే ఇలా చేయండి.

మొదట కారణం తేల్చుకోండి. ఆయన ఎందుకు అమ్మాలంటున్నారు, ఆవిడ ఎందుకు వద్దంటున్నారు అన్నది ఒక్కో వాక్యంలో రాయండి. ఆ రెండింట్లో ఒకటి చివరిదాకా పైకి రాకూడదు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో లిఫ్టు లేని మూడో అంతస్తు అనుకుందాం. పోర్టులో రిటైరైన సన్యాసిరావు గారు "ఇప్పుడు రేటు పలుకుతోంది" అంటూ ఉంటారు. అసలు సంగతి వేరు. కూరల సంచీతో మెట్లెక్కుతూ సత్యవతి గారు రెండో అంతస్తులో ఆగి, పక్కింటి ముగ్గు చూస్తున్నట్టు నటిస్తున్నారు. ఆవిడ మోకాళ్ల నొప్పి ఆయన కనిపెట్టారు. ఆ మాట పైకి అంటే ఆవిడ నొచ్చుకుంటుందని రేటు మీదికి నెడుతున్నారు. నాటిక మొత్తాన్ని మోసేది ఈ దాపరికమే.

"అమెరికాలో ఉన్న అబ్బాయి అమ్మేయమన్నాడు" అని మొదలుపెడితే గొడవంతా ఫోన్లోకి పోతుంది. నటుడు ఒక్కడే నిలబడి "ఏంటీ? అలాగంటావా?" అంటుంటే ప్రేక్షకుడికి చూడ్డానికేమీ ఉండదు. ఫోను తప్పదనుకుంటే ఒక్కసారి, నిమిషం లోపు.

తర్వాత కాగితాలు. ఫ్లాటు సత్యవతి గారి పేరున పెట్టండి. బేరం ఆడేది ఆయన, సంతకం పెట్టాల్సింది ఆవిడ. హాస్యానికి అంతకంటే గట్టి పునాది అక్కర్లేదు. ధర 62 లక్షలనుకోండి. 50 లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు ధరలోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. అంటే 62 వేలు. "నా సొమ్ము వాడెందుకు పట్టుకుంటాడే?" అని ఆయన, "మీ సొమ్మేటండీ, ఫ్లాటు నాది కదా" అని ఆవిడ. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), మెయింటెనెన్స్ బకాయి లేదని అసోసియేషన్ ఇచ్చే కాగితం, వీటన్నింటినీ అడ్డం పెట్టకండి. ఒక్కటి చాలు. చెప్పిన ఆ ఒక్కటీ తప్పు లేకుండా ఉండాలి. హాల్లో ఎంతోమంది రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కినవాళ్లే ఉంటారు. వివరం తప్పితే నవ్వు అక్కడే ఆగిపోతుంది.

సెట్టులో మూడు వస్తువులు పని చేయాలి. ఒకటి, నాలుగు అద్దాల కిటికీలో రంగు కలవని ఒక అద్దం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ గాలికి పగిలింది, దొరికిన అద్దం వేయించారు. కొనేవాళ్లు అడిగితే ఆయన "డిజైనండీ" అంటారు, అదే క్షణంలో ఆవిడ "తుపానండీ" అంటారు. రెండు, ఉప్పుగాలికి తుప్పుపట్టిన బాల్కనీ గ్రిల్లు. తుప్పు గీకకుండా, రెడ్ ఆక్సైడ్ కొట్టకుండా ఆయన రాత్రికి రాత్రి వెండిరంగు పూసేశారు. చేయి వేసినవాడికల్లా రంగు అంటుతుంది, రంగుతో పాటు తుప్పు పెచ్చులూ రాలతాయి. రిహార్సల్లో అసలు పెయింటు వాడొద్దు, బట్టలు పాడవుతాయి. నీళ్లతో కడిగితే పోయే పోస్టర్ రంగు చాలు. మూడు, ఒక పీట. ప్రకటనలో "సముద్రం కనిపిస్తుంది" అని రాశారు. ఎదురుగా కొత్త అపార్టుమెంటు లేచాక, బాల్కనీ మూల పీటెక్కి మెడ ఎడమకి వంచితే తప్ప కనిపించదు. ఆ పీట ఎక్కడ వేయాలో, ఎంత వంగాలో సత్యవతి గారికి మాత్రమే తెలుసు.

చూడ్డానికి వచ్చేవాళ్లు ముగ్గురు చాలు. ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. మొదటివాడు వాస్తు చూసేవాడు, తూర్పున సముద్రం ఉందని మురిసిపోతాడు. రెండో ఆయన బేరగాడు, ప్రతి పగులుకీ పదివేలు తగ్గిస్తాడు. వీళ్లు నవ్విస్తారు. మూడోసారి కొత్తగా పెళ్లైన జంటను తీసుకురండి. ఆ అమ్మాయి ఏమీ అడక్కుండా పీటెక్కి చూడాలి. వచ్చిన ప్రతివాళ్లూ వెళ్లేటప్పటికి దంపతుల మధ్య ఏదో ఒకటి మారాలి. ఎవరిని తీసేసినా కథ నడిచిపోతోందంటే ఆ పాత్ర అనవసరం.

ఇక్కడ ఎక్కువమంది జారిపడేది చెవుడు, మతిమరుపు మీద జోకులేసి. మొదటిసారి నవ్వుతారు, మూడోసారికి ప్రేక్షకుల్లోని పెద్దవాళ్లు ముడుచుకుపోతారు. వాచ్‌మన్ చేత శ్రీకాకుళం యాస పలికించి ఆ యాసనే జోకు చేయడమూ అంతే. యాస ఉండనివ్వండి, దాంతో పాటు అందరికంటే చురుకైన మాట కూడా వాడికే ఇవ్వండి. "బాబూ, ఇల్లు అమ్మీసినాక మీరు ఎవల్తో దెబ్బలాడుకుంతారు?" అని వాడు అడిగితే హాలంతా నవ్వుతుంది, దంపతులు మాత్రం నవ్వరు.

చివరి ఏడెనిమిది నిమిషాల్లో ఏడుపు కుమ్మరించకండి. ఈ ఇతివృత్తంతో వచ్చే నాటికలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే, వయొలిన్ మోగాక పాత్రలు ఉపన్యాసాలు మొదలుపెడతాయి. దానికి బదులు రిజిస్ట్రేషన్ దృశ్యం పెట్టండి. బల్ల, కుర్చీ, వేలిముద్ర యంత్రం చాలు. ఏళ్ల తరబడి పనిచేసిన వేళ్లలో గీతలు అరిగి యంత్రం ముద్ర తీసుకోకపోవడం పెద్దవాళ్లకు నిజంగా ఎదురయ్యేదే. మూడుసార్లు పెట్టినా పడదు. అమ్మొద్దన్న సత్యవతి గారే వేలు కొంగుతో తుడిచి మళ్లీ పెడతారు. సన్యాసిరావు గారు ఆవిడ మోకాలి వైపు కుర్చీ జరుపుతారు. ఆవిడ అది గమనిస్తారు. ఇద్దరికీ అక్కడ మాటలు రాయకండి.

రాయడం అయ్యాక గడియారం పెట్టుకుని పైకి చదవండి. ఒక్కరే చదివితే 38 నిమిషాలు మించకూడదు. నవ్వులకి, లేచి కూర్చోవడాలకి, తలుపు తీయడాలకి మిగతా ఏడూ పోతాయి. ఎక్కువైతే బేరగాడి దగ్గర కోయండి. పీట దగ్గర మాత్రం వద్దు.