వెనక సీటు బెల్టు బకిల్ ఎక్కడుందో ముందు వెతకండి

మొన్న పండక్కి ఊరెళ్తూ అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టబోతే బకిల్ కనపడలేదు. బెల్టు చేతిలో ఉంది, క్లిప్పు ఉంది, దాన్ని గుచ్చే చోటే లేదు. సీటు సందులో చెయ్యి దూర్చి తడిమితే అప్పుడు తెలిసింది, కొత్త సీట్ కవర్లు వేసినతను మూడు బకిల్స్‌నీ కవర్ కిందకి తోసేసి, పైన ఎలాస్టిక్ లాగి నీటుగా కట్టేశాడని. రెండు నెలలుగా అలాగే తిరుగుతున్నాం, ఇంట్లో ఒక్కరికీ తెలియలేదు, ఎందుకంటే ఒక్కరూ పెట్టుకోవాలని చూడలేదు. అమ్మ ఇంకా నయం, "వెనక కూర్చునేవాళ్ళకి ఎందుకురా, నేనేమన్నా బండి నడుపుతున్నానా" అంది.

కాబట్టి ఇది చదువుతున్నవాళ్ళు చెయ్యాల్సిన మొదటి పని కిందకెళ్ళి కారు వెనక డోరు తీసి బకిల్స్ పైకి లాగడం. కవర్‌కి వాటి కోసం రంధ్రాలు లేకపోతే వేసినవాడి దగ్గరికే తీసుకెళ్ళి కోయించి కుట్టించండి, పది నిమిషాల పని. ముందు సీటు పక్కన చిన్న ఎయిర్‌బ్యాగ్ గుర్తు కుట్టి ఉంటే మాత్రం ఆ సీటుకి మామూలు కవర్ వేయించొద్దు, ఆ బ్యాగ్ సీటు పక్కనుంచే చీల్చుకుని బయటికి రావాలి.

ఇక అమ్మ అడిగినదానికి జవాబు. కారు గంటకి 50 కిలోమీటర్ల మీద వెళ్తోందంటే లోపల మనమూ 50 మీదే వెళ్తున్నాం. కారు దేనికో గుద్దుకుని ఆగిందంటే ఆగింది కారే, మనం కాదు. బెల్టు లేకపోతే ముందు ఏది దొరికితే దానికి తగిలాకే ఆగుతాం. ఆ వేగంతో తగలడం దాదాపు పది మీటర్ల ఎత్తునుంచి, అంటే ఇంచుమించు మూడో అంతస్తు మీదనుంచి పడినట్టే. వెనక కూర్చున్నవాళ్ళకి ముందు దొరికేది డ్రైవర్ సీటు, అందులో కూర్చున్న మనిషి వీపు. 2022 సెప్టెంబర్‌లో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయిన ప్రమాదంలో ఆయన వెనక సీట్లోనే ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. కారు చూస్తే ఖరీదైనదే.

చేతులతో ముందు సీటు పట్టుకుంటాంలే, పాపను గట్టిగా పట్టుకుంటాంలే అనేవాళ్ళ కోసం ఒక లెక్క. 50 మీద వెళ్తున్న మనిషి అర మీటరు దూరంలో ఆగాలంటే ఒంటి మీద పడే బలం సొంత బరువుకి సుమారు ఇరవై రెట్లు. పది కిలోల పాప ఆ క్షణంలో రెండు వందల కిలోలు. అంత బరువు ఏ తల్లి చేతుల్లోనూ నిలవదు.

చాలామంది అనుకున్నట్టు బెల్టు పని మనల్ని సీటుకి కట్టేయడం కాదు. కారు ముందు భాగం నలుగుతూ ఎంత సేపట్లో ఆగుతుందో అంత సేపట్లోనే మనమూ ఆగేలా చూడటం, ఆ ఇరవై రెట్ల బలాన్నీ మెత్తటి పొట్ట మీద కాకుండా తట్టుకునే ఎముకల మీద పడెయ్యడం, ఇదీ దాని పని. ఇది పట్టుబడితే బెల్టు ఎలా పెట్టుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు మనం వాడే మూడు చోట్ల బిగిసే బెల్టుని 1959లో వోల్వోలో నీల్స్ బోలిన్ అనే ఇంజనీర్ తెచ్చాడు. అంతకుముందు ఆయన విమానాల్లో పైలట్‌ని బయటికి విసిరేసే సీట్ల మీద పనిచేసినవాడు. ఒక పట్టీ తుంటి ఎముకల మీద, ఒకటి ఛాతీ మీద, రెండూ తుంటి పక్కన కింద కలవాలి, ఒంటిచేత్తో పెట్టుకునేట్టు ఉండాలి. ఆ పేటెంట్‌ని వోల్వో మిగతా కంపెనీలు కూడా వాడుకోనిచ్చింది.

అందుకని కింద పట్టీ పొట్ట మీద కాదు, పొట్ట కింద, తొడలు మొదలయ్యే చోట తుంటి ఎముకలకి ఆనుకుని ఉండాలి. పై పట్టీ భుజం మధ్యలోంచి, మెడకి రాసుకోకుండా, రొమ్ము ఎముక మీదుగా దిగాలి. మెడకి గీసుకుంటోందని చాలామంది చంక కిందనుంచి తీసుకుంటారు, అది అన్నిటికన్నా ప్రమాదం, బలమంతా పక్కటెముకల మీద పడి అవి లోపలికి విరుగుతాయి. చాలా కార్లలో ముందు సీటు పక్క పిల్లర్ మీద బెల్టు వచ్చే చోటుని పైకీ కిందికీ జరిపే మీట ఉంటుంది, పొట్టివాళ్ళు దాన్ని కిందికి దించుకుంటే సరిపోతుంది. క్లిప్పు పెట్టాక పై పట్టీని ఒకసారి పైకి లాగి వదలండి, కింద ఉన్న వదులంతా పోతుంది. చలికాలం లావు స్వెట్టర్లు, చీర కుచ్చిళ్ళు, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్, ఇవన్నీ బెల్టుకీ ఒంటికీ మధ్య దాగి ఉన్న వదులే. గర్భిణులకీ ఇదే పద్ధతి, కింద పట్టీ పొట్ట కిందుగా, పై పట్టీ రొమ్ముల మధ్యనుంచి పొట్ట పక్కకి. బెల్టు మానెయ్యడం మాత్రం పరిష్కారం కాదు.

సీటు బాగా వెనక్కి వాల్చి పడుకుని ప్రయాణం చేసేవాళ్ళు బెల్టు పెట్టుకున్నా పెద్ద ప్రయోజనం లేదు. గుద్దుకున్నప్పుడు మనిషి పట్టీ కిందనుంచి ముందుకి జారిపోతాడు, తుంటి మీద ఉండాల్సిన పట్టీ పొట్టలోకి దిగుతుంది. రాత్రి ప్రయాణాల్లో పక్క సీటు వాళ్ళు చేసేది ఇదే. నిద్రొస్తే వెనక్కి వెళ్ళి నిటారుగా కూర్చుని పడుకోండి.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద కారు ఆపి ఉంటే బెల్టు ఎంత లాగినా రాదు. "పాడైపోయింది" అని ఒకాయన మెకానిక్‌ని కూడా పిలిపించాడు. పాడవలేదు, చేయాల్సిన పనే చేస్తోంది. బెల్టు చుట్టుకునే రీల్ పక్కన చిన్న గిన్నెలాంటి దాంట్లో ఒక స్టీలు గుండు ఉంటుంది (కొన్ని కార్లలో వేలాడే లోలకం). కారు ఒక్కసారిగా వేగం తగ్గినా, బాగా ఒరిగినా ఆ గుండు దొర్లి ఒక మీటని పైకి లేపుతుంది, అది రీల్ పళ్ళలో పడి రీల్‌ని ఆపేస్తుంది. ర్యాంప్ మీద కారు ఒరిగి ఉంది కాబట్టి గుండు ముందే దొర్లి కూర్చుంది, అంతే. దీనికి తోడు రీల్ మరీ వేగంగా తిరిగితే పట్టేసే ఏర్పాటు ఇంకోటి ఉంటుంది. అందుకే మెల్లగా లాగితే వచ్చే బెల్టు చటుక్కున లాగితే ఆగిపోతుంది. మీరు ఇంట్లో చేయగలిగిన పరీక్ష కూడా ఇదే: కారు సమంగా ఉన్న చోట ఐదు బెల్టులనీ ఒక్కొక్కటిగా చటుక్కున లాగండి, ప్రతిదీ పట్టెయ్యాలి. వదిలితే పూర్తిగా లోపలికి చుట్టుకోవాలి. పట్టీ అంచులు పోగులు లేచి ఉన్నా, ఎండకి గట్టిపడినా, కోత కనిపించినా మార్పించండి.

ముందు సీటు బెల్టుల్లో చాలావాటికి ఇంకో రెండు ఉంటాయి, పైకి కనపడవు. ఒకటి ప్రీటెన్షనర్. గుద్దుకున్నట్టు సెన్సర్ చెప్పగానే చిన్న మందుగుండు పేలి, సెకనులో వందో వంతులో బెల్టుని కొన్ని సెంటీమీటర్లు వెనక్కి లాగేస్తుంది, మనం ముందుకి కదిలేలోపే వదులు తీసేస్తుంది. రెండోది దానికి సరిగ్గా ఉల్టా. ఛాతీ మీద బలం హద్దు దాటితే రీల్ లోపలి ఇనుప కడ్డీ మెలితిరుగుతూ బెల్టుని కొంచెం కొంచెంగా వదులుతుంది, పక్కటెముకలు విరక్కుండా. ముందు బిగించి, తర్వాత ఆచితూచి వదలడం. ఆ వదిలిన చోట మన తలని అందుకోవడానికే ఎయిర్‌బ్యాగ్ ఉంది. అది రెప్పపాటు కన్నా ముందే నిండిపోతుంది, అంత వేగంగా వచ్చేదానికి బెల్టు లేకుండా మొహం ఎదురుపెడితే కాపాడాల్సిందే గాయం చేస్తుంది. స్టీరింగ్‌కీ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉంచండి, డ్యాష్‌బోర్డు మీద కాళ్ళు పెట్టే అలవాటుంటే మానండి.

ప్రీటెన్షనర్ ఒక్కసారే పనిచేస్తుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు ఇక్కడ జాగ్రత్త. గుద్దిన కారుకి పెయింట్ వేస్తారు, బంపర్ మారుస్తారు, పేలిపోయిన బెల్టు మార్చడానికి మాత్రం చెయ్యి రాదు. ఇగ్నిషన్ ఆన్ చెయ్యగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా బేరం ఆపండి. బెల్టుని చివరిదాకా లాగి చూడండి, సాగిన గుర్తులు, క్లిప్పు దగ్గర ప్లాస్టిక్ కరిగినట్టు గీతలు ఉంటే ఆ బెల్టు ఒకసారి ఎవరినో ఆపిందన్నమాట.

పిల్లల సంగతి. మన మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 194బి ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టో చైల్డ్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట అలా ఉంచితే, పెద్దవాళ్ళ బెల్టు చిన్న పిల్లలకి మెడ మీదా పొట్ట మీదా పడుతుంది. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా చైల్డ్ సీటో, కూర్చునే ఎత్తు పెంచే బూస్టర్ సీటో కావాలి. పసిపిల్లల సీటు వెనక్కి తిరిగి ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో దాన్ని ఎప్పుడూ పెట్టొద్దు. ఒక బెల్టులో ఇద్దర్ని దూర్చడం, మన బెల్టులోనే ఒళ్ళో పాపని కూడా కలిపి కట్టుకోవడం ఇంకా ఘోరం, మన బరువే పాపని నలిపేస్తుంది.

బీప్ మోత భరించలేక బకిల్‌లో ఉత్త క్లిప్పు పెట్టేవాళ్ళకి నేను చెప్పేదేం లేదు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆ క్లిప్పుల్ని ఆన్‌లైన్ షాపుల్లోంచి తీసేయించింది. మీ కారులో ఉంటే మీరు తీసెయ్యండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలకి ఒక్కమాట. అక్కడి కార్లలో డ్రైవర్‌ది తప్ప మిగతా బెల్టులు చాలావరకు చివరిదాకా లాగితే చైల్డ్ సీటు కోసం లాక్ అయిపోతాయి, ఇక టిక్ టిక్‌మని బిగుస్తూనే ఉంటాయి తప్ప వదలవు. కంగారు పడక్కర్లేదు, బకిల్ తీసి బెల్టుని పూర్తిగా లోపలికి వెళ్ళనిచ్చి మళ్ళీ లాగండి, మామూలైపోతుంది.

బెల్టు నీరసంగా చుట్టుకుంటోందంటే చాలాసార్లు కారణం మురికే. చివరిదాకా లాగి క్లిప్పు పెట్టి కదలకుండా చేసి, గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి గుడ్డతో తుడవండి. బ్లీచ్, పెట్రోల్ లాంటివి వద్దు, పోగులు పాడవుతాయి. పూర్తిగా ఆరాకే లోపలికి వదలండి. మాది ఆరడానికి ఒక పూట పట్టింది.