కుండీ మొక్కలకు మట్టి, వెలుతురు సరిచేయడం ఎలా?

ఇంట్లో పెట్టిన మనీ ప్లాంటో, పీస్ లిల్లీయో నెల తిరక్కుండా వాడిపోతే శ్రీకాకుళంలో అందరూ చేసే పని ఒకటే, ఇంకాస్త ఎరువు వేయడం. దయచేసి ఆ పని చేయకండి. ముందు వేర్ల చుట్టూ ఉన్న మట్టి చూడండి, తర్వాత వెలుతురు.

పాతదానికంటే రెండంగుళాలు వెడల్పున్న, అడుగున చిల్లున్న కుండీ తీసుకోండి. మట్టిదే కావాలి. మన తేమకు ప్లాస్టిక్ కుండీలో మట్టి త్వరగా ఆరదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు కొబ్బరిపొట్టు, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా చివికిన గత్తం (పశువుల ఎరువు) కలపండి. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాలి. నాగావళి ఇసుక మంచిదే, సముద్రపు ఇసుక మాత్రం వద్దు. అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్మకం. నిజానికి సన్నటి మట్టిలోని నీరు రాళ్లలోకి సులువుగా దిగదు, తడి పైన వేర్ల దగ్గరే నిలిచిపోతుంది. చిల్లు మీద ఒక పెంకు ముక్క చాలు.

అసలు పని ఇక్కడే చెడుతుంది. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు బంకమట్టి ముద్దతో వస్తాయి. దూరప్రయాణంలో వేర్లు కదలకుండా ఆ ముద్ద కాపాడుతుంది, అంతవరకు మంచిదే. కానీ కవరు చింపి ముద్దను అలాగే కుండీలో దించేస్తే, పోసిన నీళ్లు చుట్టూ ఉన్న గుల్ల మట్టిలోంచి జారిపోతాయి, ముద్ద లోపల రాయిలా ఎండిపోతుంది. ఒకసారి నానిందంటే మళ్లీ రోజుల తరబడి ఆరదు, వేర్లు కుళ్లుతాయి.

ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నాననివ్వండి. కింది నుంచి, అంచుల నుంచి వేళ్లతో మెల్లగా వదులు చేయండి. కాండం పట్టుకుని దులపకండి, సన్నటి వేర్లన్నీ తెగిపోతాయి. మొదలు చుట్టూ మూడో వంతు మట్టి ఉండనివ్వండి. తెల్లగా, గట్టిగా ఉన్నవి మంచి వేర్లు. గోధుమరంగులో మెత్తబడి, పట్టుకుంటే పైతొక్క ఊడి లోపలి నార మిగిలితే అది కుళ్లినట్టే, కత్తిరించేయండి. పని జరుగుతున్నంతసేపూ వేర్ల మీద తడి గోనెసంచి కప్పాలి. అరెకా పామ్ వేర్లు కదిలిస్తే ఓర్చుకోదు, దానికి అంచులు వదులు చేసి ఆపేయండి. నడి వేసవిలో ఏ మొక్కనూ ముట్టుకోవద్దు. తొలకరి పడ్డాకే మొదలుపెట్టండి.

నాటాక చిల్లులోంచి నీరు కారేదాకా పోసి, నెలరోజులు ఎరువు మాటే తలపెట్టకండి. మళ్లీ నీళ్లు పోసేముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. రెండు కణుపుల లోతు పొడిగా ఉంటేనే పోయాలి.

వెలుతురు చూడటం తేలిక. మధ్యాహ్నం కుండీ పెట్టే చోట తెల్లకాగితం పరిచి, అడుగు ఎత్తున చెయ్యి పెట్టండి. మసక నీడ పడితే మనీ ప్లాంట్‌కు సరిపోతుంది. నీడే పడకపోతే స్నేక్ ప్లాంట్ కూడా బతుకుతుంది గానీ ఎదగదు. తూర్పు కిటికీ అన్నిటికంటే మేలు. పడమటి కిటికీకి వేసవిలో పల్చటి తెర వేయకపోతే ఆకులు మాడతాయి. నాటిన మొక్కను పది రోజులు పాత చోటే ఉంచి, తర్వాత వారానికి రెండు మూడు అడుగుల చొప్పున కిటికీ వైపు జరపండి. శీతాకాలంలో దక్షిణపు కిటికీలోంచి ఎండ ఏటవాలుగా లోపలిదాకా వస్తుంది, మే, జూన్‌లలో రాదు. అందుకే కుండీల చోటు ఏడాదికి రెండుసార్లయినా మార్చాలి.